అమ్మోరి కట్టు కింద ఇనపమోకు

1968 జనవరి రెండో వారంలో 'సముద్రలక్ష్మి' అనే రెండుకొయ్యల తెరచాప ఓడకు వార్షిక సర్వే చేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను కళింగపట్నం రేవులో తెరచాప ఓడల ఇన్‌స్పెక్టర్‌ని. ఉద్యోగంలో అది రెండో ఏడు. ఓడ పాత సర్టిఫికెట్ గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. కొత్తది చేతికి రానిదే వంశధార సముద్రంలో కలిసే మొగను ఓడ దాటకూడదు.

ఉత్తర్వు చదివాక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. శ్రీముఖలింగం దగ్గర వరిపొలాలున్న కుటుంబంలో పుట్టినవాణ్ని. మావాళ్లలో ఉప్పునీళ్ల మీద జీతం తీసుకున్నది నేనొక్కణ్నే. రేవులో మా శాఖకు పెద్ద కన్జర్వేటరు గారు, ఆయన కింద నేను, నా కింద చేతిపనికి ఒక లస్కరు. ఇనప ఓడల్ని చూడటానికి పెద్ద రేవుల్లో పెద్ద చదువుల సర్వేయర్లు ఉండేవారు. చెక్క ఓడలు మాలాంటి డిప్లొమావాళ్ల వంతు. అది చిన్నతనమని కొందరు అనుకునేవారు గానీ, నాకు మాత్రం జీతం ఇచ్చి మరీ ఆడుకోమన్నట్టు ఉండేది.

సర్వేలో చూడాల్సినవి చాలా ఉంటాయి. చెక్కల సందుల్లో నార కుక్కి తారు పోశారా, నీళ్లు తోడే పంపు పనిచేస్తోందా, లంగరు గొలుసు ఎంత అరిగింది, ఇలా. అన్నిటికంటే చివర తెరచాపలు కట్టే కొయ్యలు. ఓడ కొయ్య దానంతట అది నిలబడదు. దాని తల నుంచి ఓడ అంచులకు అటూ ఇటూ మోకులు లాగి కడతారు. 'సముద్రలక్ష్మి'లో పెద్దకొయ్యకు పక్కకు మూడేసి చొప్పున ఆరు, చిన్నకొయ్యకు అటొకటి ఇటొకటి, మొత్తం ఎనిమిది ఇనపమోకులు ఉండేవి. ఫారంలో వీటిని స్టాండింగ్ రిగ్గింగ్ అని రాసేవాళ్లం. చాప గాలి పోసుకున్నప్పుడు ఆ బలమంతా గాలి వచ్చే వైపు మోకుల మీద పడుతుంది. మూడింటిలో ఒకటి తెగితే మిగిలిన రెండూ ఆగవు. కొయ్య కూలుతుంది. దాని కింద పనిచేసే మనుషులు ఉంటారు.

నారమోకు పాడవుతుంటే పీచు లేస్తుంది, రంగు మారుతుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. ఇనపమోకు అలా కాదు. ఈ రోజు ఎలా ఉందో తెగే రోజూ అలాగే కనిపించవచ్చు. అందుకే దాన్ని ఎప్పుడు మార్చాలన్నది మా పనిలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. మా మాన్యువల్ పదేళ్లు దాటిన మోకును అనుమానించమంది, మార్చమనలేదు. ఈ ఓడ మోకులు 1957లో ఎక్కించినవి. అంటే పదకొండో ఏడు నడుస్తోంది.

ఓడ నడిపేది తండేలు పోలయ్య. అంతకుముందు వాళ్ల నాన్న అదే ఓడకు తండేలు. యజమాని పాతపట్నంలో చింతపండు, నువ్వుల వ్యాపారం చేసే సింహాద్రిశెట్టి గారు. సముద్రం సంగతి ఆయనకు తెలియదు, సరుకు సంగతి తెలుసు. ఈ సీజను సరుకు ఫిబ్రవరి మొదట్లో కాకినాడకు బయలుదేరకపోతే ఓడను కలపకింద అమ్మేసి, ఇకమీదట లారీల్లో పంపుకుంటానని ఆయన పోలయ్యకు ముందే చెప్పేశారు. ఆ మాట పోలయ్యే నాకు చెప్పాడు, బతిమాలుతున్నట్టు కాకుండా, వాతావరణం చెప్పినట్టు. ఓడ పోతే అతనూ, అతని కింద ఉన్న తొమ్మిది మందీ ఒడ్డున పడతారు. నేను కళ్లు మూసుకుని సంతకం పెడితే నడిసముద్రంలో కొయ్య వాళ్ల నెత్తి మీద పడొచ్చు. నా సంతకానికి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆ పది మందే.

సర్వే రోజు పొద్దున్నే ఉయ్యాలపలక మీద కూర్చుని పెద్దకొయ్య తలకు ఎక్కాను. నలుగురు మనుషులు కింద తాడు లాగుతుంటే పలక పైకి లేస్తుంది. ఆ క్షణం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నానని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఒకవైపు శాలిహుండం కొండ, ఇంకోవైపు దీపస్తంభం, కాళ్ల కింద ఏరు, ముందు అంతా నీళ్లు. చేతిలో గుప్పెడు దూది.

దూది ఎందుకంటే, ఇనపమోకు అంటే సన్నని తీగపోగుల్ని జడలుగా పేని, ఆ జడల్ని ఒక నారతాడు చుట్టూ మళ్లీ పేనినది. ఎక్కడైనా ఒక పోగు తెగితే దాని కొస ముల్లులా బయటికి లేస్తుంది. కంటికి ఆనదు. దూదిని మోకు చుట్టూ పట్టి కిందికి జారిస్తే ఆ ముల్లుకు చిక్కుకుంటుంది. మోకు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో పదింట ఒక పోగు తెగి ఉంటే ఇక ఆ మోకు పనికిరాదని లెక్క.

ఆరు మోకుల్నీ పై నుంచి కిందిదాకా దూదితో తడిమాను. ఒక్క పోచ కూడా చిక్కలేదు. కాలిపర్‌తో మందం కొలిచాను, తగ్గలేదు. పదకొండేళ్ల ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది. ఆఫీసులో, జనంలో పుస్తకాల భాషే మాట్లాడాలని నాకొక నియమం ఉండేది. అది కొయ్య మీద ఎన్నడూ నిలవలేదు. "ఏటి మావా, ఏటెట్టి పెంచినావు దీన్ని?" అని పై నుంచి కేకేశాను. కింద అందరూ నవ్వారు.

"సొరసేప నూని బావూ," అన్నాడు పోలయ్య. "నెలకోపాలి రాస్తాం. పెళ్లికూతురికి కూడా అంత రాయరు."

కిందికి దిగి, సరుకు గది మూత మీద కూర్చుని ఫారం నింపడం మొదలుపెట్టాను. సంతోషంతో చేయి పరుగెడుతోంది. ఇలాంటి మోకులు నేను ఇంతవరకూ చూడలేదని పోలయ్యకు చెప్పాను, నిజమే చెప్పాను. ఇక మిగిలింది ఒకటే గడి. 'కింది కొసలు చుట్టి ఉన్నాయా?' మోకు కింది కొసను గుండ్రంగా మడిచి, పోగుల్ని తిరిగి మోకులోకే అల్లి ఒక కన్ను చేస్తారు. ఆ కంటిలోంచి తాడు వేసి ఓడ అంచుకు బిగిస్తారు. మోకులో నీళ్లు నిలిచే చోటు అదే కాబట్టి, దాని చుట్టూ తారు పూసిన కాన్వాసు చుట్టాలని మాన్యువల్ చెబుతుంది. ఎనిమిది కొసలకూ నల్లటి చుట్టలు ఉన్నాయి. ఉన్నాయని రాసి, సంతకానికి ముందు పోయినేటి ఫారం తీసి కొలతలు పోల్చాను.

పోయినేడు ఉద్యోగంలో కొత్త. కంటికి కనిపించినదల్లా కొలిచేవాణ్ని. చివరికి ఆ చుట్టల మందం కూడా కొలిచి రాసుకున్నాను. రెండున్నర అంగుళాలు. ఎందుకు రాసుకున్నానో నాకే తెలియదు. ఇప్పుడు సరదాకి మళ్లీ కాలిపర్ పెట్టాను. మూడుకు దగ్గరగా ఉంది. రెండో కొస చూశాను, అదీ అంతే. కాన్వాసు తనంతట తాను లావెక్కదు కదా. వంగి గోరుతో తారు గీకాను. కింద పసుపు రంగు కనిపించింది.

"ఇది ఎవరు చుట్టారు?" అని అడిగాను.

"మా యమ్మ. ప్రెతి దసరాకీ కడతాది," అన్నాడు పోలయ్య. "అమ్మోరి కట్టు బావూ. పసుపులో ముంచిన గుడ్డ. గాలికి ఎగిరిపోకుండా మీద నాను తారేస్తాను."

పాతది తీసి కొత్తది కడతారా అని అడిగాను. అతను నా వైపు జాలిగా చూశాడు. "అమ్మోరి కట్టు ఎవులైనా ఇప్పుతారేటి? దాని మీదే కడతాం." తర్వాత, నన్ను సంతోషపెడదామనే అనుకుంటాను, ఇంకో మాట అన్నాడు. "గవుర్మెంటుకి కూడా ఈ కట్టంటే ఇష్టమే కదా. వచ్చినోళ్లందరూ దీన్ని సూసి, బాగుందని రాసుకుని ఎల్లిపోతారు. తక్కిన తండేళ్లకి కూడా సెప్పినాను, మోకుకి కట్టుండాల, లేపోతే కాయితం ఇవ్వరని."

పదకొండేళ్లుగా మా శాఖవాళ్లు అమ్మవారి గుడ్డను మా మాన్యువల్‌లోని కాన్వాసు అనుకున్నారు. పదకొండేళ్లుగా వీళ్లు మా టిక్కు గుర్తును ఆ గుడ్డకు ప్రభుత్వం ఇచ్చిన ఆమోదం అనుకున్నారు. ఒకరినొకరు మెచ్చుకుంటూ వచ్చారు. ఆ మెచ్చుకున్నవాళ్లలో పోయినేడు నేనూ ఉన్నాను. మాన్యువల్ తెరిచి ఆ పేజీ మళ్లీ చదివాను. కొసలు చుట్టి ఉండాలి అన్న వాక్యంతో పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ మొదటి వాక్యం: ప్రతి సర్వేలోనూ చుట్ట విప్పి, కన్నును పరీక్షించి, తిరిగి చుట్టించాలి. పోయినేడు నేను ఆ పేజీ తిప్పలేదు.

కట్టు విప్పమన్నాను. ఓడ మీద ఎవరూ కదల్లేదు. పోలయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కోపంగా కాదు, ఆ చేతులు ఆ పని చేయవని చూపించడానికి. మధ్యాహ్నానికి శెట్టిగారు సరుకు సంగతి కనుక్కోవడానికి వచ్చారు. విషయం విని, పైన అంత బాగున్న మోకు కింద ఎందుకు పాడవుతుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పాడైందని చూపించకుండా కొత్త మోకులు తెప్పించనన్నారు. ఓడను ఆపే అధికారం నాకుంది, ఆపితే కారణం రాయాలి. అనుమానం అని రాస్తే ఆయన ఓడను అమ్మేస్తారు. కట్టు నేనే కత్తితో కోసేస్తే, లోపల మోకు బాగానే ఉంటే, ఆ రేవులో నా మొహం చూసేవాళ్లు ఉండరు. అప్పటికీ నాకు భయం కంటే ఆత్రమే ఎక్కువగా ఉందని ఒప్పుకోవాలి. ఆ గుడ్డ కింద ఏముందో తెలుసుకోకపోతే అన్నం సహించేలా లేదు.

విప్పగలిగిన మనిషి ఒక్కరే. పోలయ్య నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ నీలమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. నేను ఎవరో కొడుకు చెప్పబోతే, తెలుసునన్నట్టు చేయి ఊపింది. నేను విషయం ఎత్తుకుని ఎనిమిది కొసలు, ఉప్పునీరు, తుప్పు అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె అంతా విని మెల్లగా అడిగింది.

"పోయినేడు బాగుందని రాసింది నువ్వే కదా బావూ."

నేనేనన్నాను.

"లోపల సూసినావా?"

లేదన్నాను.

"సూడకుండా ఏటికి రాసినావు?"

ఆ తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను పెద్ద పెద్ద అధికారులు సంజాయిషీలు అడిగారు. ఏదో ఒకటి రాసి ఇచ్చేవాణ్ని. ఆ వాకిట్లో మాత్రం అలాంటిదేదీ చెల్లదనిపించింది. మీ గుడ్డను మా కాన్వాసు అనుకున్నానమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె చేతిలో ఉన్న చేపను తిప్పి వేసింది. "నువ్వు సూసినావని నానూరుకున్నాను. నాను కట్టినానని నువ్వూరుకున్నావు. మరి మోకుని సూసిందెవులు?" అంది. తర్వాత చేతులు కడుక్కుని, చెప్పులు లేకుండానే ఇసకలో ముందు నడిచింది. మేమిద్దరం వెనక నడిచాం.

ఓడ మీద ఆమె ముందుగా చెంబుతో ఏటినీళ్లు కొయ్య మొదట్లో పోసింది. అమ్మవారితో ఏదో అంది, వినపడలేదు. తర్వాత పెద్దకొయ్య మొదటి మోకు దగ్గర చతికిలబడి ముడి విప్పసాగింది. తారు గట్టిపడి ముడి రాకపోతే నా జేబులోంచి తీగలు అల్లే మేకు ఇచ్చాను. గుడ్డ తర్వాత గుడ్డ ఊడి వస్తోంది. అన్నీ ఆమె పాత చీరల ముక్కలే. ప్రతి దాన్నీ గుర్తుపట్టింది. ఇది పోలయ్య పెళ్లినాటి చీర, ఇది వాళ్లయ్య పోయిన ఏటిది. శెట్టిగారితో సహా అందరం వంగి చూస్తున్నాం. ఏడో గుడ్డ దగ్గర నుంచి రంగు మారింది. పసుపు పోయి కాఫీరంగు వచ్చింది. మూడు వారాలుగా చినుకు లేని జనవరి మధ్యాహ్నం అది. పదకొండో గుడ్డ పిండితే నీళ్లు కారేలా ఉంది.

ఆ గుడ్డతో పాటే కొన్ని తీగపోగులు ఊడి ఆమె ఒళ్లో పడ్డాయి.

నేను కన్నును బొటనవేలితో నొక్కాను. పొరలు పొరలుగా తుప్పు రాలింది. ఒక జడలో తీగలు సగానికి పైగా లేవు. పైన సొరనూనె రాసిన ఇనుము మెరుస్తుంటే, కింద జానెడు మేర మోకు ఆకారం ఉంది గానీ మోకు లేదు. సిగ్గుపడాల్సిన చోట నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. చెప్పుకోవడానికి బాగోదు గానీ అది నిజం. చదువుకున్నదంతా కళ్లముందు జరుగుతోంది. పసుపు గుడ్డ ఉప్పునీటిని పీల్చుకుంది, పైన తారు దాన్ని ఆరనివ్వలేదు, ఏటా ఇంకో గుడ్డ ఇంకాస్త తడిని దాచిపెట్టింది. భక్తి ఎక్కడ ఎక్కువైతే తుప్పు అక్కడే పట్టింది. "సూడండి, సూడండి" అని నేను ఆ కొస నుంచి ఈ కొసకు గంతులేస్తుంటే, మా లస్కరు నా చొక్కా పట్టుకుని, పోలయ్య వైపు చూడమని సైగ చేశాడు. పోలయ్య మోకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోయిన సీజనంతా ఆ మోకు కిందే చుక్కాని పట్టాడు. నేను గంతులు ఆపాను.

పెద్దకొయ్య ఆరు కళ్లలో నాలుగు పూర్తిగా పోయాయి, మిగతా రెండింటిలో తెగిన పోగులు లెక్క దాటాయి. విచిత్రంగా చిన్నకొయ్య రెండు కళ్లూ నికార్సుగా ఉన్నాయి. గుడ్డలు కూడా పొడిగా, పొగ వాసన వేస్తున్నాయి. కారణం పోలయ్యే చెప్పాడు. వంటపొయ్యి చిన్నకొయ్య పక్కనే ఉంటుంది. అన్నం వండిన పొయ్యి ఆ రెండు మోకుల్నీ కాపాడింది.

శెట్టిగారి అరచేతిలో ఒక పోగు పెట్టాను. ఆయన చింతపండు నాణ్యం చూసినట్టు దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపారు. అది పుటుక్కున విరిగింది. ఇంకోటి అడిగి తీసుకుని విరిచారు. "ఇది సరుకు కాదు," అన్నారు. ఆ తర్వాత కొత్త మోకులు వద్దన్న మాట ఆయన నోట రాలేదు. కానీ వ్యాపారి కదా, మరో ప్రశ్న వేశారు. చెడింది కొస ఒక్కటే అయితే, ఆ జానెడూ కోసేసి, మంచి ఇనుములో కొత్త కన్ను అల్లుకోవచ్చు గదా?

అది తెలివైన ప్రశ్న, మాన్యువల్ ఒప్పుకునే పద్ధతి కూడా. సందు పూడ్చడానికి కింద తాడు పొడుగు పెంచితే చాలు. జవాబు కోసం ఒక మోకును దింపించి, నడుమ భాగంలో కోసి, జడలు విప్పి చూశాను. పోగులు బాగానే వంగుతున్నాయి. లోపలి నారతాడు మాత్రం ఎండిపోయి పొడిగా రాలింది. పదకొండేళ్ల సొరనూనె పై జడలకే అందింది, లోపలికి దిగలేదు. నూనె లేని చోట పోగులు ఒకదాన్నొకటి రాసుకుంటూ లోపలి నుంచి అరుగుతాయి. అది దూదికి దొరకదు, కాలిపర్‌కూ దొరకదు. చూడాలంటే మోకునంతా విప్పాలి, విప్పితే మోకు ఉండదు. అక్కడికక్కడే నిర్ణయం రాశాను. పెద్దకొయ్య ఆరూ మార్చాలి. చిన్నకొయ్య మీద పడే బరువు తక్కువ కాబట్టి దాని రెండూ ఉంచవచ్చు, కానీ ఆరు నెలలకు మళ్లీ విప్పి చూడాలి. శెట్టిగారు ఎన్ని రోజులు పడుతుందన్నారు. మోకు ఎప్పుడు వస్తే అప్పటి నుంచి నాలుగు రోజులన్నాడు పోలయ్య, నేను నోరు తెరిచేలోపే.

విశాఖపట్నం నుంచి లారీ మీద ఇనపమోకు చుట్ట వచ్చేసరికి గడువుకు ఎనిమిది రోజులే మిగిలాయి. ఆ నాలుగు రోజులూ నేను ఆఫీసుకు సంతకం పెట్టడానికి మాత్రమే వెళ్లాను. ఇన్‌స్పెక్టరు పని పరీక్షించడం, అల్లడం కాదు. అయినా నా చేతులు ఊరుకోలేదు. పోలయ్య నారమోకు కన్ను కళ్లు మూసుకుని అల్లగలడు. ఇనుములో జడను ఏ వైపు నుంచి దూర్చాలో మాత్రం ఇద్దరికీ రెండు అభిప్రాయాలు. ఆరు మోకులకు పై కొసనా కింది కొసనా కలిపి పన్నెండు కళ్లు అల్లాలి. మొదటి కన్ను నా పద్ధతిలో అల్లాం, వంకరగా వచ్చింది. రెండోది అతని పద్ధతిలో అల్లాం. మిగిలిన పదీ అతని పద్ధతిలోనే వచ్చాయి, మొదటిది విప్పి మళ్లీ అల్లాం. తీగలు గుచ్చుకుని నా వేళ్లకు కట్లు పడ్డాయి. వాటిని చూసి నీలమ్మ, ఈ కట్లయినా ఇప్పి సూస్తావా లేదా అని అడిగింది. రేవంతా నవ్వింది, నేనూ నవ్వాను. కొత్త కళ్లకు గ్రీజు పట్టించి, కాన్వాసు కూడా చుట్టకుండా వదిలేశాను. ఫారంలో 'చుట్టలేదు, కావాలనే' అని రాసి కారణం చూపించాను.

నెలాఖరుకు మూడు రోజుల ముందు పొద్దున్న, ఈశాన్యం గాలి తగుమాత్రంగా ఉండగా, ఓడను పరీక్షకు మొగ దాటించాం. సముద్రంలోకి వెళ్లాక పోలయ్య చుక్కాని తిప్పి గాలిని పక్కకు తీసుకుని, పెద్దచాప మొత్తం విప్పించాడు. ఓడ ఒక్కసారిగా పక్కకు ఒరిగి పరుగెత్తింది. గాలి వైపు మూడు మోకులూ బిగిసి సన్నగా పాడాయి. అవతలి వైపువి కాస్త వదులయ్యాయి. కొత్త మోకు మొదటి బరువుకు సాగుతుంది, అది సహజం. ఓడ తిప్పి, వదులైనవాటిని బిగించి, మళ్లీ తిప్పి అవతలివి బిగించి, మూడుసార్లు అలా చేశాం. నేను మోకు మీద అరచేయి ఆనించి నిలబడ్డాను. ఆ వణుకు చేతిలోంచి భుజందాకా వచ్చింది. అంత సంతోషం నాకు ఉద్యోగంలో మళ్లీ కలగలేదు. పోలయ్య కొయ్య తల వైపు చూస్తూ, "నిలబడ్డాది బావూ," అన్నాడు. అంతే అన్నాడు.

ఒడ్డుకు వచ్చాక సర్టిఫికెట్ సరుకు గది మూత మీదే రాశాను. నీలమ్మ వచ్చి ఏం రాశానో చదవమంది. కింది కొసల గడిలో 'విప్పి చూశాను' అని రాసింది చదివి వినిపించాను. ఆమె తల ఊపి, కొంగులోంచి ఎనిమిది పసుపు గుడ్డలు తీసింది. మళ్లీ అదే కట్టా అనుకున్నాను. ఆమె ఒక్కో మోకుకు ఒక్కో గుడ్డ, కంటికి జానెడు పైన, వదులుగా, జారుముడి వేసి కట్టింది. తారు డబ్బా తెచ్చిన కొడుకును చేత్తోనే వెనక్కి పంపించింది.

"ఇకన పాతది ఇప్పకుండా నాను కొత్తది కట్టను," అంది నాతో. "నువ్వు ఇప్పకుండా రాయకు."

ఫిబ్రవరి మొదటి వారంలో ఓడ చింతపండు బస్తాలతో కాకినాడకు వెళ్లింది, వెళ్లినట్టే తిరిగి వచ్చింది. పోయినేడు ఆ కొసల్ని చూడకుండా బాగున్నాయని రాసింది నేనేనని నా నివేదికలో రాశాను. దానికి కన్జర్వేటరు గారు నాకొక మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఇచ్చారు. అదే రోజు ఆయన రేవులోని ఓడలన్నిటి కొసలూ విప్పించి చూడమని ఇంకో ఉత్తర్వు కూడా నా చేతిలో పెట్టారు.

ఇనపమోకు ఎప్పుడు మార్చాలని ఆ తర్వాత చాలామంది కుర్ర ఇన్‌స్పెక్టర్లు నన్ను అడిగారు. ఎన్నేళ్లయిందన్నది రెండో ప్రశ్న అని చెప్పేవాణ్ని. మొదట, దాన్ని చివరిసారి కళ్లారా చూసిన మనిషి ఎవరో కనుక్కోవాలి. ఆ మనిషి దొరక్కపోతే చూడాలి. చూడటానికి వీల్లేకపోతే మార్చాలి. ఉద్యోగం వదిలేదాకా నేను నింపిన ఏ ఫారంలోనూ 'చుట్టి ఉన్నాయి' అన్న మాట లేదు. 'విప్పి చూశాను' అని ఉంటుంది, లేకపోతే 'విప్పలేదు' అని ఉంటుంది.